కోడీ కుందేలూ ఒకే గూట్లో: ఔత్సాహికులకు సలహాలు

కోళ్ళనీ కుందేళ్ళనీ కలిపి పెంచాలనుకునేవారు మొదట లెక్క వేసుకోవాలి. ఒకే గూడు, ఒకే తలుపు, ఒకే దాణా తొట్టి. రెండో గూటికయ్యే ఇనుప వల, కర్ర, వడ్రంగి కూలి మిగిలినట్టే. ఈ లెక్కలో పశువైద్యుడి ఫీజు మాత్రం కలపకూడదు. కలిపితే హుషారు చచ్చిపోతుంది.

మేత దగ్గర తికమకపడక్కర్లేదు, అందరికీ లేయర్ దాణా పోసేస్తే సరి. గుడ్డు పెంకు కోసం అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా వేస్తారు. కుందేలుకు ఒక శాతం లోపే చాలు. పైగా దాని పేగులకు వద్దనడం తెలియదు. తిన్నదాంట్లో ఉన్న కాల్షియాన్ని పీల్చేసుకుని, మిగులును మూత్రంలోకి తోసేస్తాయి. అది మూత్రసంచిలో సున్నపు ముద్దలా పేరుకుంటుంది. రోజంతా గడ్డి నమలకపోతే కుందేలు పళ్ళు అరగవు, పేగులు సరిగా కదలవు. అదంతా కుందేలు సొంత గొడవ.

పడక కూడా తేలికే. పొద్దుగూకగానే కోళ్ళు అడ్డకర్ర ఎక్కి కునుకు తీస్తాయి, సరిగ్గా అప్పుడే కుందేళ్ళు షికారు మొదలెడతాయి. కర్ర కిందే వాటికి చోటిస్తే రాత్రంతా పైనుంచి రెట్ట ఉచితం, అందులో సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటే అదీ ఉచితమే. జత లేని మగ కుందేలు పెట్టల వెంట పడుతుంది. పెట్టలకు ఆ సరసం ఏమిటో బోధపడదు.

కుందేలు ఈనే వేళకు పెట్టె ఒకటి తప్పకుండా పెట్టాలి. తల్లి తన ఒంటి మీది బొచ్చు తనే పీక్కుని అందులో పరుస్తుంది. గుడ్డు పెట్టే చోటు వెతుక్కుంటున్న పెట్టకు చీకటిగా, మెత్తగా ఉన్న ఆ పెట్టె తనకోసమే అనిపిస్తుంది. ఎక్కి కాళ్ళతో గెలుకుతుంది. బొచ్చు కింద గులాబీ రంగులో మెసిలే పిల్లలకు దాదాపు పది రోజుల దాకా కళ్ళు తెరుచుకోవు. కోడి కంటికి మెసిలేదల్లా పురుగే. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లు, అదీ కొద్ది నిమిషాలే పాలిచ్చి పోతుంది గనుక అడ్డు చెప్పేవారుండరు.

‘మా ఇంట్లో ఏళ్ళుగా కలిసే ఉన్నాయండీ’ అనేవారు ఎక్కడైనా ఉంటారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవారితో వాదన దండగ. అలాంటివారు కుందేలు ముందుకాళ్ళ లోపలివైపు చూడకూడదు. కారే ముక్కును అది కాళ్ళతోనే తుడుచుకుంటుంది, అక్కడి బొచ్చు అట్టకట్టి ఉంటుంది. ముక్కు అలా కారడానికి తరచూ కారణమయ్యే పాశ్చురెల్లా మల్టోసిడా అనే బాక్టీరియా, జబ్బు పైకి కనిపించని కుందేలు ముక్కులోనూ కాపురముంటుంది. కోళ్ళకు కలరా తెచ్చేదీ అదే జాతి. అన్ని రకాలూ అటూ ఇటూ పాకవు గానీ, పాకేవి ఉన్నాయి.

ఈ సంగతి ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్‌కు బాగా తెలుసు. 1887లో ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ ప్రభుత్వం కుందేళ్ళ బెడద వదిలించినవారికి 25,000 పౌండ్లు ఇస్తామంటే, ఆయన సూచించిన ఆయుధం కోళ్ళ కలరాయే. ఫ్రాన్స్‌లోని రాన్స్ దగ్గర గోడ కట్టిన ఆవరణలో కుందేళ్ళ మేత మీద ఆ సూక్ష్మజీవుల ద్రవం చల్లించి చంపి చూపించాడు. 1888లో భార్య సోదరి కొడుకు అడ్రియన్ లువార్‌ను సిడ్నీ పంపాడు. అక్కడ రాడ్ ద్వీపంలో పరీక్షలు జరిగాయి. మేత తిన్న కుందేళ్ళు చచ్చాయి గానీ రోగం మిగతా కుందేళ్ళకు అనుకున్నంతగా అంటుకోలేదు. పక్షులకూ ముప్పేనని తేలింది. బహుమతి ఎవరికీ దక్కలేదు. ఆయన అంత దూరం మనిషిని పంపి చేయించిన ప్రయోగం పెరట్లో ఖర్చు లేకుండా సాగిపోతుంది.

అమెరికాలోని వర్జీనియాలో జోయెల్ సాలటిన్ కుటుంబం నడిపే పాలీఫేస్ పొలంలోనూ రెండూ ఒకే కప్పు కింద ఉంటాయి. కుందేళ్ళు పైన వేలాడే వల పంజరాల్లో, కోళ్ళు కింద చెక్కముక్కల పరుపు మీద. కోళ్ళు పురుగుల కోసం పరుపును తిరగేస్తుంటే మూత్రం నుంచి లేచే అమోనియా ఘాటు కుందేళ్ళ ఊపిరితిత్తుల దాకా రాదు. ఎవరి మేత వారిది, ఎవరి నేల వారిది. కలిపి పెంచడమంటే ఇదేనా అని ఔత్సాహికులకు నీరసం రావచ్చు.

అలాంటి షెడ్డునే ఎండలు మండే రామగుండంలో కట్టుకునేవారు పైన ఇనుప రేకులే వేయాలి. కుందేలుకు చెమట పట్టదు, ఒంటి వేడిని ఎక్కువగా చెవుల గుండానే వదులుతుంది. దాని ఒళ్ళే 39 డిగ్రీలు. బయట 45 ఉంటే ఆ చెవులు వేడిని వదలడం మాని లోపలికి తీసుకుంటాయి. తాటాకు కప్పు, తడిపిన గోనెపట్టాలు చవకే. రేకుల షెడ్డయితే ఫొటోలో బాగా పడుతుంది.