ఊరంతా డాక్టర్లే, బండి ఒక్కటే రోగి

ఆదిత్యపూర్‌లో కాపురముండేవాడు తన కారు బాగాలేదని నలుగురిలో నోరు జారకూడదు. ఖర్కాయి నదికి అవతల జంషెడ్‌పూర్‌లో 1945లో టెల్కో వెలిసింది. మొదట రైలింజన్లు చేశారు, 1954 నుంచి లారీలు. నదికి ఇవతల మా వైపు 1970లలో ఇండస్ట్రియల్ ఏరియా పెట్టి, బళ్ళకి కావలసిన సరంజామా చేసే చిన్నా పెద్దా షెడ్లతో నింపేశారు. ఒకడు బోల్టు చేస్తాడు, ఒకడు దానికి నట్టు చేస్తాడు, ఇంకొకడు ఆ రెంటికీ గ్రీజు అమ్ముతాడు. బండి మొత్తాన్ని ఎరిగినవాడు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. అందుకని బండికి ఏ జబ్బు చేసినా, ఎవడి పార్టు వాడికే కనిపిస్తుంది.

నా కారు ఏ కంపెనీదో చెప్పను. ఈ వయసులో దాని పరువు తీయడమెందుకు? ఇంటర్ చదువుతున్న మా చిన్నమ్మాయి కంటే అది పెద్దది. ఈమధ్య ఎడమకి లాగడం మొదలెట్టింది. స్టీరింగు తిన్నగా పట్టుకున్నా రోడ్డు పక్క పకోడీల బండి వైపే పోతోంది. మా ఆవిడ చాన్నాళ్ళు అది నా అలవాటే అనుకుంది.

మా వాళ్ళంతా తాతల నాడు శ్రీకాకుళం నుంచి టాటా స్టీలు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు. శ్రీరామనవమికి బిష్టుపూర్ రామమందిరంలో కలుసుకుంటాం. అక్కడ పానకం తాగుతూ, మాటవరసకి కారు సంగతి ఎత్తాను. అంతే, కల్యాణం సంగతి వదిలేసి నా చుట్టూ చేరారు.

మా బావమరిది రబ్బరు సామాన్ల షెడ్డులో సూపర్‌వైజరు. "బుష్ పోయుంటాది బావా, ఇంకేటుంటాది" అన్నాడు. ఫోర్జింగ్ షాపులో పని చేసే మా తోడల్లుడు నవ్వి, "బుష్ కాదన్నయ్యా, బాల్ జాయింటు. రాసిస్తాను కావాలంటే" అన్నాడు. లారీల కమానుకట్టలు చేసి చేసి రిటైరైన మా పెదనాన్న ఇద్దరినీ పక్కకి తోసి, "కమానుకట్ట విరిగుంటాదిరా" అన్నాడు.

"నా కారుకి కమానుకట్టలు లేవు పెదనాన్నా, చుట్ట స్ప్రింగులు."

"మరదేరా జబ్బు!"

ఎన్ఐటీలో మెకానికల్ చదువుతున్న మా మేనల్లుడు ఫోన్లో బొమ్మ గీసి చూపించాడు. "మావయ్యా, క్యాస్టర్ కోణం రెండు పక్కలా సమానంగా లేదు." ఇంతమంది ఒక్క విషయంలో మాత్రం ఏకగ్రీవంగా తేల్చారు. ముందు వీల్ అలైన్‌మెంట్ చేయించాలట.

గమ్హరియా వైపు రోడ్డు పక్కన ఒక ముసలి మిస్త్రీ ఉన్నాడు. ఆయన ఏ పార్టూ తయారు చెయ్యడు, కాబట్టి ఏ పార్టు మీదా ప్రత్యేకమైన అభిమానం లేదు. వెళ్ళగానే ఒకటే అడిగాడు. "ఎప్పుడు లాగుతోంది? మామూలుగా పోతున్నప్పుడా, బ్రేకు కొట్టినప్పుడా?" అంత పెద్ద వైద్య బృందంలో ఈ ముక్క అడిగినవాడు లేడు. రెండు వేళలా లాగుతోంది, బ్రేకు కొడితే మరీనూ.

మిస్త్రీ చవక పరీక్షల నుంచి మొదలెట్టాడు. మొదటి అనుమానం రోడ్డు మీద. వాన నీళ్ళు జారిపోవడానికి రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. మనం నడిపేది ఎడమ పక్క కనక, చెయ్యి వదిలేస్తే ఏ కారైనా కాస్త ఎడమకి జారుతుంది. చదునైన చోట కూడా లాగితేనే జబ్బు కింద లెక్క. ఖాళీ మైదానంలో తిప్పి చూశాడు. లాగింది.

తర్వాత గాలి. ఒక పక్క గాలి తగ్గితే బండి ఆ పక్కకే ఒరుగుతుంది. సరిచేశాడు. ఆ పైన ముందు టైర్లు రెంటినీ అటుది ఇటు, ఇటుది అటు వేశాడు. లాగుడు కుడికి మళ్ళితే దోషం టైరుది. మళ్ళలేదు. కాసేపు తిప్పుకొచ్చి చక్రాల దగ్గర అరచెయ్యి పెట్టాడు. ఒక పక్కే సెగలు కక్కితే అక్కడ బ్రేకు వదలడం లేదన్నమాట. రెండూ ఒకటే వేడి. జాకీ మీద ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు, అది బాల్ జాయింటుకీ బేరింగుకీ పరీక్ష. ఇటూ అటూ పట్టి ఊపాడు, అది టై రాడ్ ఎండుకి. అంతా బిగువుగా ఉంది. మా తోడల్లుడు డిపాజిట్ కోల్పోయాడు.

బానెట్ మూల మీద బరువేసి నొక్కి వదిలాడు. ఒకసారి లేచి కుదురుకుంటే షాకబ్జార్బరు బాగున్నట్టు. నాది లేచి, దిగి, మళ్ళీ లేవబోయి మానుకుంది. "పింఛనుకి దగ్గర్లో ఉంది, ఇంకా తీసుకోలేదు" అన్నాడు మిస్త్రీ.

చివరికి కింద దూరి, లోయర్ ఆర్మ్‌కీ ఫ్రేముకీ మధ్య పొడుగాటి ఇనప రాడ్డు దోపి ఒక్క పట్టు పట్టాడు. కుడివైపు ఆర్మ్ బెసగలేదు. ఎడమవైపుది టక్‌మని వేలెడంత వెనక్కి పోయింది. టార్చి వేసి చూపించాడు. బుష్ రబ్బరు పాత చెప్పు అడుగులా బీటలు తీసి, లోపలి ఇనప గొట్టాన్ని ఎప్పుడో వదిలేసింది. బ్రేకు కొట్టగానే చక్రం వెనక్కి జరుగుతుంది, దాంతో దాని కోణాలు మారిపోతాయి, బండి అటే తిరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ల దగ్గర వినిపించే 'టక్' కూడా ఇదే.

"అలైన్‌మెంట్ ముందు చేయించమన్నారే?" అన్నాను.

"చేయించుకో. రంగుల కాయితం ఇస్తారు. షెడ్డు గేటు దగ్గర బ్రేకు కొట్టేదాకా అందులో రాసిందంతా నిజమే" అన్నాడు. అరిగిన పార్టులు మార్చాకే అలైన్‌మెంట్, అదే ఆయన శాస్త్రం. కొత్త బుష్‌లు రెండు పక్కలా వేశాడు. పాతదీ కొత్తదీ చెరోవైపు ఉంటే కుదరదట. ఇన్ని షెడ్ల ఊళ్ళో ఆ బుష్ దొరకలేదు, ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పించాల్సొచ్చింది. మావాళ్ళు చేసేవన్నీ లారీలకి. అవి బిగించి అలైన్‌మెంట్ చేయించాక కారు తిన్నగా పోతోంది, పకోడీల బండివాడే నన్ను మర్చిపోయాడు.

గెలిచింది మా బావమరిది. దాంతో ఇంట్లో అతన్ని పట్టడానికి లేదు. నిజానికి అతను దేనికైనా బుష్ అనే అంటాడు. మిక్సీ ఆగితే బుష్, కుక్కరు కూత వెయ్యకపోతే బుష్. ఆమధ్య మా మావగారి మోకాలు నొప్పికి కూడా, "బుష్ పోయుంటాది నాన్నా" అన్నాడు. అందరం కోప్పడ్డాం. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, కీలులో గుజ్జు అరిగిపోయిందన్నారు.