మేకతోలు రాముడు

వినుకొండ కొండవాలులో తుమ్మకాయలు ఏరుకు తిన్న మేకపోతు తోలుని నేను. ఇప్పుడొక ఇంటి గోడ మీద రాముణ్ణి. వచ్చినవాళ్లంతా నా రంగులు మెచ్చుకుంటారు. నన్నిలా చేసిన చేతుల సంగతి ఎవరూ అడగరు. అదే చెబుతాను.

వెనకటి రోజుల్లో తోలు లందకు, అంటే తోళ్లు ఊరబెట్టే చోటికి పోయేది. సున్నపునీళ్లలో నాని, తంగేడు చెక్క ఊటలో ఊరి, ఎర్రబారి మెత్తబడేది. కుళ్లకుండా ఏళ్లతరబడి నిలిచేది. చెప్పులకు అంతకన్నా ఏం కావాలి? కానీ ఊట తాగిన తోలును వెలుగు దాటలేదు. తోలుబొమ్మలాటలో బొమ్మకు వెలుగే ప్రాణం. అందుకే నన్ను లందకు కాక, నరసరావుపేట వైపు బొమ్మలు చేసే ఇంటికి చేర్చారు.

అక్కడ వేన్నీళ్లలో నానబెట్టారు. చెయ్యి ఓర్చుకునేంత వేడే ఉండాలి, మించితే తోలు ముడుచుకుపోతుంది. ఆ ఇంటి పెద్దావిడ ఒకవైపు వెంట్రుకలు, మరోవైపు కొవ్వు కత్తితో గీకింది. కొవ్వు పిసరంత మిగిలినా అక్కడ రంగు పట్టదని రెండోసారి వేళ్లతో తడిమి మరీ గీకింది. అంచుల చుట్టూ మేకులు దిగేసి, బిగలాగి ఎండబెట్టారు. ఎండాక వేలితో కొడితే డప్పులా మోగాను. ఎండకెత్తి చూస్తే అవతలి చెయ్యి నీడ కనబడింది.

ఆ తర్వాత ఉలి పని. కిరీటం, హారాలు, భుజకీర్తులు అన్నీ చిల్లులే. వెనక దీపం వెలిగితే అవే నగలవుతాయి. రంగులు రెండువైపులా అద్దారు. చేతులు విడిగా కోసి దారంతో కీళ్లు కట్టారు.

పూర్వం దేవుళ్ల బొమ్మలకు జింకతోలు వాడేవారు. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక ఆ దారి మూతపడింది. అలా మేకనైన నాకు రాముడి వేషం దక్కింది. సీతను రావణుడు ఎత్తుకుపోయిన సంగతి రాముడు విన్నది మా కొండ మీదేనని మా ఊరివాళ్ల నమ్మకం. ఆ కొండ మేక రాముడు కావడం నాకు గొప్పే.

ఇంకో సంగతీ చెప్పాలి. 1895లో కవి గుర్రం జాషువా పుట్టింది మా వినుకొండలోనే. ఆయన ‘గబ్బిలం’ కావ్యంలో గుండె విప్పి మాట్లాడింది తోలుపని చేసే కులం మనిషే. తోలు కావాలి, తోలు ముట్టిన చెయ్యి మాత్రం వద్దన్న లోకం తీరు ఆయనకంటే బాగా ఎవరు చెప్పారు?

ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆటలు తగ్గాయి కాబట్టి మేం దీపపు తొడుగులుగా, గోడ బొమ్మలుగా బతుకుతున్నాం. దానికి నాకు చింత లేదు. కూలి గిట్టితేనే కదా ఉలి ఆగకుండా ఉండేది!

నన్ను కొనేవాళ్లకు ఒక్క మాట. గోడకు అంటించి మేకులు కొట్టకండి, చెమ్మ తగిలితే వంకర పోతాను. జానెడు ఎడం వదిలి, వేడెక్కని చిన్న దీపం వెనక పెట్టండి. బేరమాడేముందు ఆ చిల్లులు ఒక్కసారి లెక్కపెట్టి చూడండి.