మెమరీ తుడిచేశాం, ఇక లెక్క చేసుకోండి

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ కొలువున్నది డాలస్‌లో. ఆ చుట్టుపక్కలే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు బోలెడంతమంది కాపురాలు పెట్టారు. పిల్లాడు హైస్కూల్లో అడుగుపెట్టగానే కొనాల్సిన సామాన్ల జాబితా ఇంటికొస్తుంది. అందులో టీఐ-84 ప్లస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్ ఉంటుంది. తండ్రి వంద డాలర్ల చుట్టుపక్కల వదిలించుకుంటాడు. అది 2004 నాటి మోడల్. లోపలున్న జడ్80 ప్రాసెసర్ వంశం 1976లో మొదలైంది, బహుశా ఆ తండ్రి పుట్టకముందే. తెర అడ్డంగా 96 చుక్కలు, నిలువుగా 64. వాడుకోవడానికి చిక్కే ర్యామ్ 24 కిలోబైట్లు. వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చే శుభోదయం గులాబీ ఒక్కటి కూడా అందులో పట్టదు. రెండేళ్లకే ఫోన్ పాతబడిందని మార్చేసే పెద్దమనిషి, ఇరవయ్యేళ్ల నాటి డబ్బాకు ఇంత ధరేమిటని నోరెత్తడు. సినిమా హాల్లో పాప్‌కార్న్ బేరమిది. బయటిది లోపలికి రానివ్వరు, లోపలిది వాళ్లు చెప్పిన రేటుకే కొనాలి.

చాలామంది పిల్లలు దాంతో నాలుగు గీతలు గీసి సంచిలో పడేస్తారు. ఎవడో ఒకడు మాత్రం పాఠం విసుగెత్తి ‘పీఆర్‌జీఎం’ అని రాసున్న మీట నొక్కుతాడు. ఆ వారమే లైబ్రరీ నుంచి, ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాసిన పుస్తకం ఒకటి తెచ్చుకుంటాడు. అక్కణ్నుంచి వాడు స్కూలు దృష్టిలో చెడిపోవడం మొదలు.

మొదటి పాఠంలో యంత్రం చేత హలో అనిపిస్తాడు. తర్వాత వర్గ సమీకరణం. ఏ, బీ, సీలు అడిగి తీసుకునేదాకా సాఫీగానే సాగుతుంది. బ్రాకెట్ తెరిచి మైనస్ బీ కొట్టి నడిపిస్తే, ‘ఎర్: సింటాక్స్’. ఎందుకంటే ఈ యంత్రంలో మైనస్‌లు రెండు. తీసివేతకు ఒక మీట, రుణ సంఖ్యకు వేరే మీట. తెర మీద రెండూ కవలలే. ఒకటి పిసరంత పొట్టిగా, కాస్త పైకి ఉంటుంది, అంతే తేడా. తప్పు పట్టుకున్నాక యంత్రం రెండు దారులు చూపిస్తుంది: ‘క్విట్’, ‘గో టు’. రెండోది నొక్కితే సరిగ్గా తప్పు దగ్గరికే తీసుకెళ్లి నిలబెడుతుంది. తిట్టదు, మొట్టికాయ వెయ్యదు. ఇలాంటి లెక్కల మాస్టారు మన చిన్నప్పుడు దొరికారా?

హారంలో ఉన్న ‘2ఏ’కి బ్రాకెట్ మరిచిపోతే ఇంకా తమాషా. ఏ తప్పూ చూపించదు, తప్పుడు జవాబే దర్జాగా వస్తుంది. వర్గమూలం కింద రుణ సంఖ్య పడితే వాస్తవ సంఖ్య కాదని మొరాయిస్తుంది. అప్పుడు ‘ఇఫ్’ వెతుక్కోవాలి. వరుస చివర కొటేషన్ మూయకపోతే ఒక బైటు మిగులుతుందని కూడా కుర్రాడు కనిపెడతాడు. ఫోన్‌లో టార్చిలైటు వెలిగించే యాప్‌కు కూడా బోలెడు మెగాబైట్లు మింగించే ఇంజనీర్లున్న కాలంలో వీడు బైటు బైటుకీ పిసినారి. ఇవన్నీ దిద్దుకునేసరికి సూత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, ప్రోగ్రాంతో పనే ఉండదు.

సరిగ్గా అప్పుడే పరీక్ష వస్తుంది, మెమరీ తుడిచెయ్యమంటారు. సూత్రాన్ని బట్టీ కొట్టినవాడు బుద్ధిమంతుడు, అర్థం చేసుకుని యంత్రానికి నేర్పినవాడు దొంగ! దాంతో కుర్రకారు ‘ర్యామ్ క్లియర్డ్’ అని ఉత్తుత్తి సందేశం చూపించే ప్రోగ్రాములు రాయడం మొదలుపెట్టారు. చిక్కేమిటంటే అసలు సందేశంలో ‘క్లియర్డ్’ చిన్నక్షరాల్లో ఉంటుంది, ఆల్ఫా మీట ఇచ్చేవేమో పెద్దక్షరాలే. ఆ తేడా గమనించే టీచరుంటే చేతులెత్తి మొక్కాలి, తరగతిలో తెర చూసే రెండో మనిషి ఆవిడే.

కంపెనీ వారి విద్యాభిమానం ఇంకో మెట్టు పైన. 2009లో అభిరుచి గలవాళ్లు కొందరు, వేరే సిస్టమ్ ఎక్కనివ్వకుండా కంపెనీ పెట్టుకున్న 512 బిట్ల తాళంచెవి ఛేదించి, మా క్యాలిక్యులేటర్‌లో మా సిస్టమ్ వేసుకుంటామన్నారు. కంపెనీ లాయర్ నోటీసులు పంపింది. 2020లో, పరీక్షల భద్రత పేరు చెప్పి, రంగుల తెర మోడళ్లలో, ప్రాసెసర్‌తో నేరుగా మాట్లాడే అసెంబ్లీ ప్రోగ్రాములకు తలుపు మూసేసింది. లోతుగా నేర్చుకోవాలనుకున్న పిల్లలకు వాత, కొన్నవాళ్లకు మాత్రం పైసా వాపసు లేదు. కాలేజీ ప్రవేశాల కోసం రాసే ఎస్‌ఏటీ పరీక్షేమో 2024 నుంచి అమెరికాలో కంప్యూటర్ మీదికెక్కి, ఉచితంగా దొరికే డెస్మోస్ గ్రాఫింగ్ క్యాలిక్యులేటర్‌ను తెరలోనే పెట్టేసుకుంది. అయినా కొనాల్సిన జాబితాలో ఆ వరుస చెరిగిపోలేదు. దేవుణ్ని తీసేసినా హుండీ తియ్యరు కదా.

మనం నవ్వనక్కర్లేదు. జేఈఈలో క్యాలిక్యులేటరే నిషేధం. ఇంజనీరింగ్ పరీక్ష హాల్లోకి ప్రోగ్రాం చెయ్యడానికి వీలున్నది తేకూడదట, అది కంప్యూటర్ సైన్స్ పరీక్షయినా సరే.

ఆ మీట నొక్కిన ఫ్రిస్కో కుర్రాడి కథ ముగించాలి కదా.

“నాన్నా, క్యాలిక్యులేటర్‌లో పాము ఆట రాశాను, చూడు.”

“లెక్కలు చేసుకోమని కొనిచ్చాన్రా, ఆటలకా? అవతల పెట్టు. కోడింగ్ క్లాసుకు టైమవుతోంది, కారెక్కు.”

క్లాసు ఫీజు ముందే కట్టేశారు. ఆ పూట పాఠం, రంగుల దిమ్మెలు మౌస్‌తో లాగి తెర మీది పిల్లిని పది అడుగులు నడిపించడం.