అద్దెకారు పద్యము: ‘దుమ్ముదులుపు’ వ్యాఖ్యానసహితము

మూలము

అద్దె కారు దొరికె నడ్డేమి గలదంచు
గుంత మిట్ట యనక గుంజి తోలు;
సొంత కారె యైన సుతిమెత్తగా దోలు;
తోలువాడె లేని తోవ యెట్లు?

అవతారిక

కడపలో బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, పాత కావ్యాలకు శుద్ధప్రతులూ టీకలూ రాయించినవాడు సి.పి. బ్రౌన్. ఆయనకు దొరికినవి తాటాకులు. మాకు దొరికింది కర్నూలు బళ్లారి చౌరస్తాలో ఆగి ఉన్న కారు వెనకద్దం. దాని మీది దుమ్ములో ఎవరో వేలితో రాసిన పద్యమిది. మకుటం లేదు కనుక వేమనది కాదు. రెండో ప్రతి కడప ఏడురోడ్ల కూడలిలో, ఇంకో కారు మీద దొరికింది. మూడో ప్రతి ఉండేదే గానీ, మేము చేరేలోపు బండి వాటర్ సర్వీసింగుకు పోయింది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. మేము చేయలేదు.

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. వెరసి సూర్యుడివి పదహారు, వానదేవుడైన ఇంద్రుడివి నాలుగు. కర్నూలు, కడప జిల్లాల వాతావరణానికి ఇంతకన్నా తగిన ఛందస్సు లేదు.

ప్రతిపదార్థము

అద్దె కారు = రోజుకింతని కట్టి, డ్రైవరు లేకుండా తెచ్చుకున్న బండి (కవి సీమవాడే అయితే ‘బాడుగ’ అనాలి; ‘అడ్డేమి’తో యతి కుదరాలని ‘అద్దె’ అన్నాడు); దొరికెన్ = చేతికి చిక్కింది; అడ్డు ఏమి కలదు అంచు = ఇంక మనల్ని ఆపేదెవరనుకుంటూ; గుంత మిట్ట అనక = పల్లమో ఎత్తో చూడకుండా; గుంజి = అయిదో గేరులో పోవలసినచోట మూడో గేరులోనే యాక్సిలరేటరును అడుగంటా తొక్కి; తోలు = నడుపును; సొంత కారె ఐన = నెలనెలా కంతులు కట్టే కారే అయితే; సుతిమెత్తగాన్ తోలు = స్పీడ్ బ్రేకరు అల్లంత దూరాన ఉండగానే మొదటి గేరుకు దిగి, కారు అడుగు తగులుతుందేమోనని చెవి ఒగ్గి నడుపును; తోలువాడె లేని = డ్రైవరు సీటే ఖాళీగా ఉన్న; తోవ = ప్రయాణము; ఎట్లు = ఏ గతి పట్టును?

పాఠభేదము

కడప ప్రతిలో ‘గుద్ది తోలు’ అని ఉంది. గణాలు సరిపోయాయి, యతీ చెడలేదు. గుంజితే క్లచ్ పోతుంది, గుద్దితే బంపరు పోతుంది. డిపాజిట్టు ఎటూ పోతుంది కనుక తాత్పర్యం మారదు.

అన్వయము

పద్యంలో ‘తోలు’ అనే క్రియ రెండుసార్లుంది. తోలేదెవరో ఒక్కసారీ లేదు. ‘నరుడు’ అని అధ్యాహారం చేసుకోవాలి. ఇది కవి ఏమరుపాటు అనుకునేవారు తొందరపడుతున్నారు. వాళ్లకు జవాబు సిద్ధాంతంలో చెబుతాం.

విశేషములు

1. ‘అద్దె కారు’. అద్దెకిచ్చి మనచేతే నడిపించే కారుకు నల్ల పలక మీద పసుపు అక్షరాల నంబరు ఉండాలి. 1989 నాటి రెంట్ ఎ క్యాబ్ పథకం ఇలాంటి వ్యాపారానికి లైసెన్సు కావాలంది; లైసెన్సుకు కనీసం 50 కార్లుండాలంది. మన వీధుల్లో ‘సెల్ఫ్ డ్రైవింగ్ కార్స్’ బోర్డు కింద నిలబడేవి చాలావరకు రెండో మూడో వైట్ బోర్డు బండ్లు. తీసుకునేవాడు బైకునూ ఆధార్ కార్డునూ తాకట్టుగా వదిలి, కారు చుట్టూ తిరిగి పాత గీతలన్నిటినీ ఫోనులో వీడియో తీసుకుంటాడు. యజమాని “ఎట్ల తీస్కపోతివో అట్లే తెచ్చియ్యల్ల, అన్నా” అంటాడు. అన్న తల ఊపి, ఊరు దాటగానే గండికోట వైపో అహోబిలం వైపో గుంజుతాడు. గీత పడితే వీడియోలో దొరుకుతుంది. క్లచ్ ప్లేటు ఎంత అరిగిందో ఏ వీడియోలోనూ పడదు. ‘అడ్డేమి’ అన్న మాటకు ఆధారం ఇదే.

2. ‘సొంత కారె’. ఏవకారం చేత సొంత కార్లలో పరాకాష్ఠ అయిన స్పోర్ట్స్ కారు ధ్వనిస్తున్నది. ఇటలీ దేశస్థుడు ఫెరూచియో లంబోర్గిని 1948లో ట్రాక్టర్లతో మొదలుపెట్టి, 1963లో కార్లకు దిగాడు. సీమ రైతుల అభిప్రాయంలో ఆయన మొదటి పనే మేలు. గంటకు 300 కిలోమీటర్లు దాటగల ఆ కారు నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. పల్లెల్లో యాక్సిడెంటు జరిగిన రాత్రికి రాత్రే సొంతంగా కట్ట వేసుకునేవాళ్లు మొదటి అంకెను పెంచారు, రెండోదాన్ని తగ్గించారు. కాబట్టి ఆ కారు మన దగ్గరికి వస్తే ‘సుతిమెత్తగా’ నడవడం యజమాని సుగుణం కాదు, గత్యంతరం లేక. 2019 నుంచి పెనుకొండ దగ్గర తయారవుతున్న కియా కార్లలో నేలకెత్తుగా ఉండే ఎస్‌యూవీలే ఎక్కువ. చేసేవాళ్లకు ఇక్కడి తోవ తెలుసు.

3. ‘తోలువాడె లేని’. తనంతట తాను నడిచే కారు. ఇది సీమకు పరాయి విద్యేమీ కాదు. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి అమెరికాలో కార్నెగీ మెలన్ రోబోటిక్స్ సంస్థకు 1979లో తొలి డైరెక్టరయ్యాడు. 1995లో ఆ సంస్థవాళ్ల కారు పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియేగో దాకా నూటికి 98 వంతుల దూరం తన స్టీరింగు తానే తిప్పుకుంటూ వెళ్లింది. మన పక్కనే, సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాద్ ఐఐటీలో ఇలాంటి బండ్ల పరీక్షకు 2022లో ప్రత్యేక ప్రాంగణం తెరిచారు.

పూర్వపక్షము

‘ఎట్లు’ అన్నది ప్రశ్న కాదు, ‘అసాధ్యం’ అని అర్థం. మన ఎండకూ దుమ్ముకూ యంత్రం కళ్లు ఆనవు అని ఒకరు. అది నిలవదు. 2004లో మొహావీ ఎడారిలో డ్రైవరు లేని బండ్లకు సుమారు 240 కిలోమీటర్ల పందెం పెడితే అన్నిటికన్నా ముందున్నది 12 కిలోమీటర్లు కూడా పోలేకపోయింది. మరుసటి ఏడు అయిదు బండ్లు పందెం ముగించాయి. ఎండకు పేరుపడ్డ ఫీనిక్స్‌లో 2020 నుంచే సీటు ఖాళీగా ఉన్న టాక్సీలు జనాన్ని ఎక్కించుకుంటున్నాయి.

డ్రైవర్ల పొట్ట కొట్టే కార్లను రానివ్వనని 2017లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ అన్నారు కదా, కాబట్టి ‘తోవ యెట్లు’ అంటే ‘బతుకు ఎట్లు’ అని ఇంకొకరు. ఈ అర్థాన్ని తోసెయ్యలేము. బాడుగ తోలి ఇల్లు గడుపుకునేవాళ్లు డోన్‌లోనూ మైదుకూరులోనూ ఎందరో ఉన్నారు.

మాకు తోచిన అసలు చిక్కు ఇది: కోతలయ్యాక రైతులు ఉలవకట్టెను తారు రోడ్డు మీద పరుస్తారు. దాని మీదుగా బండ్లు పోవాలి, అప్పుడే గింజ రాలుతుంది. చుట్టూ పెట్టిన రాళ్ల మీదుగా మాత్రం పోకూడదు. ఎదురుగా ఏదో ఉందని యంత్రానికి తెలుస్తుంది. తొక్కమని పరిచినదేదో, తొక్కవద్దని పెట్టినదేదో అది నేర్చుకోవాలి. నేర్చుకునే లోపల ఒక రాయి తగిలితే, ఒక గొర్రె పోతే, పైకం కట్టేదెవరు?

సిద్ధాంతము

కర్తను కవి ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తేలుతుంది. మొదటి పాదంలోని అద్దె కారుకు స్టీరింగు పట్టినవాడున్నాడు, అరుగుదలకు జవాబు చెప్పేవాడు లేడు. నాలుగో పాదంలోని కారుకు పట్టేవాడే లేడు. చెప్పుకోదగ్గ భేదం లేదు. డ్రైవరు లేని కారును ఎవరో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. బాడుగకు తీసుకున్న ప్రతివాడూ దాన్ని ఎప్పుడో నడిపాడు. మొదటి పాదానికీ చివరి పాదానికీ ఇలా ఏకవాక్యత సిద్ధిస్తున్నది.

మన 1988 మోటారు వాహనాల చట్టం లైసెన్సు లేనిదే ఎవరూ బండి తోలరాదంటుంది. యంత్రం ‘ఎవరు’ కిందికి వస్తుందా అన్న ప్రశ్న అప్పటికి లేదు. బ్రౌన్ దొర దేశంలో 2024లో చట్టం చేసి, కారు తనంతట తాను నడుస్తున్నప్పుడు నడక బాగోగులకు జవాబుదారీ అనుమతి పొందిన సంస్థదేనన్నారు. అధ్యాహారం ఎలా చేయాలో అక్కడివాళ్లకు తెలిసింది. మన చట్టమూ ఆ ఖాళీని పూరించిన తరువాతే సీటు ఖాళీ చేయాలి.

తాత్పర్యము

నష్టం ఎవరు కట్టాలో వాళ్లే డ్రైవరు, స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా సరే.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవారికి డిపాజిట్టు తిరిగి వస్తుందని మేము హామీ ఇవ్వలేము. బాడుగ కారు తీసుకునే అన్నలారా, అక్కలారా! గేరు మార్చవలసినచోట మార్చండి, గుంత దగ్గర బ్రేకు వేయండి. మీరు తిరిగి ఇచ్చిన అదే క్లచ్చుతో, అవే బ్రేకులతో వచ్చే వారం శ్రీశైలం ఘాట్ ఎక్కేది ఇంకొకరి పిల్లాపాపలు.