మహిళోద్ధరణ యాత్ర

పూర్వము పుణ్యము కావలసినవారు కాశికి పోయెడివారు. ఇప్పుడు పాశ్చాత్య దేశములయందు ఒక డిగ్రీకిని మరియొక డిగ్రీకిని నడుమ కొన్ని వారముల తీరిక దొరకిన యువతీయువకులు, తమ పొరుగింటి వృద్ధురాలి పేరైన నెరుగకున్నను, సప్తసముద్రముల కావలనున్న పల్లెపడతుల దురవస్థకు కన్నీరు విడిచి, నేపాలుకో, టాంజానియాకో, కాదేని మన నెల్లూరు జిల్లాకో మహిళా సాధికారతను మోసికొని వచ్చుచున్నారు. ఈ సేవకు వారే ఎదురు రుసుము చెల్లింతురు. విమానాశ్రయమునుండి కారు, దోమతెర, సీసానీరు, ఆదివారపు విహారము అందులోనివే. మన ప్రభుత్వమును తక్కువేమియు తినలేదు. నెలకు మించనిదియు, జీతము లేనిదియునగు స్వచ్ఛంద సేవకు పర్యాటక వీసాయే చాలునన్నది. కావున తాజమహలు సందర్శనమును, గ్రామీణ స్త్రీజనోద్ధరణమును ఒక్క వీసాతోనే నెరవేరును.

1961లో అమెరికా అధ్యక్షుడు కెనడీ స్థాపించిన 'పీస్ కోర్' అను స్వచ్ఛంద సేవాదళమువారు 1976 వరకు మన దేశమున పనిచేసిరి. వారియందును లోపములు లేకపోలేదు గాని, వచ్చినవాడు రెండేండ్లుండి, కొంత భాష నేర్చి, ఊరివారిచేత తిట్లు తిని, ఆ తిట్ల కర్థము తెలిసికొని మరీ పోయెడివాడు. నేటివారికి నీటిమార్పు విరేచనములు కట్టకముందే తిరుగు టిక్కెట్టు తేదీ వచ్చును.

ఇక నెల్లూరు పల్లెలో ఈ అతిథులు జరుపు సభ. నాట్ల కాలమున పొదుపుసంఘపు స్త్రీలు పదిహేనుమందిచేత పూటకూలి మానిపించి బడివరండాలో చాపలపై కూర్చుండబెట్టుదురు. అతిథి గోడకు చార్టుకాగితము నంటించి, రంగుపెన్నుతో చెట్టును గీచి, 'మీ కలలను ఆకులపై వ్రాయుడు' అనును. దుబాసీ యువకుడు తెనిగించును. "ఏందబ్బయా, రాత్రి కలలా, పగటి కలలా?" అని ఒకామె యడుగును. "ఎండకు పిల్ల కందిపోయిందే, మజ్జిగియ్యండి" అని వేరొకతె లేచును. పిమ్మట పొదుపు ప్రయోజనములను గూర్చి ముప్పావుగంట ఉపన్యాసము. దానిని వినుచున్న లీడరు ఒడిలో మినిట్స్ పుస్తకము. అందులో తీర్మానములు, బ్యాంకు అప్పు, వడ్డీ, వాయిదాలు, చదువురాని సభ్యుల వేలిముద్రలు. వాయిదా కట్టనివారి నేమి చేయుదురని అతిథి ప్రశ్నింపగా వచ్చిన జవాబు ఏ విశ్వవిద్యాలయమునను దొరకదు: "ఏం చేస్తామమ్మా, అందరం పోయి ఆమె ఇంటి అరుగు మీద కూచుంటాం. మెతుకు మింగుడుపడక తనే కడద్ది."

తాను అడుగుపెట్టిన జిల్లా ఎట్టిదో అతిథి కెవరును చెప్పలేదు కాబోలు. 1992లో దూబగుంట స్త్రీలు రాత్రిబడిలో నేర్చిన నాలుగక్షరములతోడను, ఇంటి చీపుళ్ళతోడను సారా దుకాణము పైకి పోయిరి. ఆ అలజడి ఊరూరికి ప్రాకి, సారా వేలంపాటలనే సాగనీయక, సారా రాబడిని చూచుకొని మురియుచుండిన ప్రభుత్వముచేతనే 1993 అక్టోబరు 1 నుండి దానిని నిషేధింపజేసెను. ఆ పిమ్మట రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టు పొదుపులక్ష్మి అను స్త్రీల పొదుపు ఉద్యమము బయలుదేరెను. తరువాతి కాలమున తెలుగు సంఘముల స్త్రీలే, హిందీ ముక్క సరిగా రాకున్నను, రైలెక్కి బీహారు పల్లెలకు పోయి అక్కడి స్త్రీలచేత సంఘములు కట్టించిరి. చార్టుకాగితముపై చెట్టు గీచిరని గాని, వారి మెడలో ఎవరైన పూలదండ వేసిరని గాని నేను వినలేదు.

దొరలనని ఏమి లాభము? డాలసులోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన మన తలిదండ్రులు కొందరును, కళాశాల దరఖాస్తులో సేవ అను గడి నింపుటకై పిల్లలను వేసవిలో అమ్మమ్మగారి ఊరికి పంపుచున్నారు. మనవారు గదా, మాట కలియునని యాశపడుదుము, అక్కడను దుబాసీయే.

రావద్దని నేననను. వచ్చినవారిని పల్లె కాదనదు, మజ్జిగయు మానదు. కాని, ఓ ఉద్ధారకులారా! మీరు చెల్లించిన రుసుములో కారున్నది, దోమతెరయున్నది. ఆ పదిహేనుమంది పోగొట్టుకొన్న పూటకూలి మాత్రము లేదు. పోవునప్పుడు చార్టుకాగితమును మీరే ఉంచుకొని, ఆ కూలి సొమ్ము లీడరు చేతికిచ్చి, మినిట్స్ పుస్తకములో వ్రాయించి మరీ పొండు.