ఎఱ్ఱనీటి పద్యం: జంపన్నవాగు వ్యాఖ్య

అవతారిక: ఈ కవి మేడారం జాతర వీడియోలు ఎడిట్ చేసి బతికేవాడు. మాఘ పున్నమి వేళ కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెల మీదికి వచ్చారంటే ఈయన కంప్యూటరుకు కునుకు ఉండదు. డ్రోను తీసిందంతా తెల్లారేలోగా పాట కట్టి ఇవ్వాలి. ఫ్యాన్లు తట్టుకోలేకపోవడంతో వాటర్ కూలింగ్ పెట్టించి, అందులో ఎర్ర కూలెంట్ పోయించి, దానికి జంపన్నవాగు అని పేరు పెట్టుకున్నాడు. చూడవచ్చిన మిత్రుల పొగడ్త మితిమీరాక చెప్పిన పద్యమిది.

గాజు పెట్టెలోన కాలువై పారెడి
యెఱ్ఱనీరు చూచి యెగిరిపడకు
చల్లబఱచు నీరె చల్లార్చ దీ రంగు
వెలుగు చూచువాని వేడ్క కొఱకు

ప్రతిపదార్థం: గాజు పెట్టెలోన = పక్కన అద్దం బిగించిన క్యాబినెట్‌లో; కాలువై పారెడి = పంపు తోయగా గొట్టాల వెంట తిరుగుతున్న; యెఱ్ఱనీరు = ఎర్ర కూలెంటును; చూచి = చూసి; యెగిరిపడకు = మిడిసిపడకుము; చల్లబఱచు = ప్రాసెసర్ వేడిని లాగునది; నీరె = నీళ్లే సుమా; ఈ రంగు = అదనంగా డబ్బు పెట్టి కొన్న ఈ డై; చల్లార్చదు = ఒక్క డిగ్రీ కూడా దించదు; వెలుగు = ఆర్‌జీబీ దీపాలు; చూచువాని వేడ్క కొఱకు = చూడవచ్చినవాడి సంబరానికి.

తాత్పర్యం: మిత్రమా, పని నీళ్లది, పేరు రంగుది. దీపాలు నీ కోసం.

విశేషాలు: "కాలువై" అన్నది వళి కోసం వేసిన మాటగా తోస్తుంది, పోలిక కుదరదు. జాతరకు ముందు లక్నవరం చెరువు నీళ్లు వదిలితే జంపన్నవాగు నిండుతుంది. స్నానాలయ్యాక ఆ నీరు గోదావరి దారి పడుతుంది, తిరిగి రాదు. ఈ ఎర్రనీరు అలా కాదు. రిజర్వాయర్‌లో బయల్దేరి, ప్రాసెసర్ మీది రాగి బ్లాకులో వేడి ఎత్తుకుని, రేడియేటర్‌లో దించుకుని, మళ్లీ మొదటికే వస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకు ముందు వెళ్లాలా, ప్రాసెసర్‌కు ముందు వెళ్లాలా అని రెండు మతాలవారు తలలు పగలగొట్టుకుంటారు. లెక్క వేస్తే పోయేదానికి తగాదా ఎందుకు? గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4.18 జౌళ్లు కావాలి. యంత్రం 400 వాట్ల వేడి కక్కుతూ, నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే, చుట్టు మొత్తంలో నీరు వేడెక్కేది సుమారు 1.4 డిగ్రీలు. ఎవరు ముందైతేనేం.

"యెఱ్ఱనీరు" దగ్గర కాస్త ఆగాలి. కాకతీయ సేనతో పోరులో గాయపడ్డ సమ్మక్క కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకాడని, ఆయన నెత్తురుతో వాగు ఎరుపెక్కిందని, అందుకే దానికి ఆ పేరు వచ్చిందని జనం విశ్వాసం. అక్కడి మట్టి గుణం వల్ల ఆ రంగని శాస్త్రం తెలిసినవాళ్లు అంటారు. ఏ మాట పట్టుకున్నా ఆ ఎరుపు ఆ నేల మీదే పుట్టింది. కవిగారి ఎరుపు కొరియర్‌లో వచ్చింది. ఆ తేడా తెలిసే పద్యంలో వాగు పేరెత్తలేదని నా ఊహ.

పూర్వపక్షం: ఎరుపు వేడి చేస్తుంది, నీలం చలవ చేస్తుంది, కాబట్టి నీలమే పోయవలసింది. ఖండనం: రంగుకు చలవ లేదు, కాక లేదు. ఆ కొద్దిపాటి డై వల్ల నీటి గుణం మారదు. తుప్పు పట్టకుండా, పాచి కట్టకుండా కలిపే మందులది వేరే లెక్క, అవి ఉండాల్సిందే. అయితే రంగుల్లోనూ రెండు జాతులు. ఒకటి ఆరపార కనిపించేది. రెండోది పాలు కలిపినట్టు చిక్కగా, ఫోటోలో మహా అందంగా ఉండే పాస్టెల్. దీని అందమంతా నీళ్లలో తేలే సన్నని రేణువులది. కొన్నాళ్లకవి అడుగుకు దిగుతాయి. బ్లాకు లోపల వెంట్రుకంత సందుల్లో ఒండ్రులా పేరుకుని దారి మూస్తాయి. అప్పుడు కవి చెప్పింది చాలదు: రంగు చల్లార్చకపోవడమే కాదు, చల్లార్చే నీటికి అడ్డం కూడా పడుతుంది. పద్యంలో ఇంకో పాదానికి చోటుంటే ఇదే చెప్పేవాడు.

"నీరె" మీద ఒక ఐతిహ్యం ఉంది. కూలెంట్ సీసా ధర విన్న కవి తల్లి, "గన్ని పైసలు పెట్టి రంగు నీళ్లు కొనుడెందుకు బిడ్డా, వాగు నీళ్లు పొయ్యరాదు" అన్నదట. కోస్తా వ్యాఖ్యాత ఒకరు దీన్ని నిషేధంగా గ్రహించి, ఆమె సాంకేతిక పరిజ్ఞానానికి జోహార్లు అర్పించారు. ఆమె అన్నది పొయ్యమనే. కానీ ఆ వ్యాఖ్యాత పొరబాటే ఇక్కడ పనికొచ్చే మాట. వాగు నీళ్లయినా బోరు నీళ్లయినా లవణాలు ఉంటాయి. లోహాన్ని తింటాయి, గార కడతాయి. రాగి బ్లాకుకు అల్యూమినియం రేడియేటర్ జత చేస్తే తినుడు ఇంకా వేగం. డిస్టిల్డ్ వాటరే శరణ్యం.

"వేడ్క" అన్నదాన్ని కొందరు ఎత్తిపొడుపుగా తీసుకుంటారు. నేనలా అనుకోను. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో సర్క్యూట్లన్నిటినీ ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలోనే ముంచారు. రంగు లేదు, వాసన లేదు. అయినా అద్దం వెనక అది పారుతుంటే జనం నిలబడి చూశారు, దానికి బబుల్స్ అని ముద్దుపేరు కూడా వచ్చింది. చూడాలన్న ఆశ రంగు కంటే ముందు పుట్టింది. కవిని తప్పుపట్టడానికి లేదు.

దీపాల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. మదర్‌బోర్డు మీద నాలుగు పిన్నుల 12 వోల్టుల సాకెట్ ఒకటి, మూడు పిన్నుల 5 వోల్టుల సాకెట్ ఒకటి ఉంటాయి. 5 వోల్టుల పట్టీని బలవంతంగా 12లో దూర్చినవాడికి వేడ్క దక్కదు, కమురు వాసన దక్కుతుంది.

ఫలశ్రుతి: కొత్తగా నీళ్లు నింపినవారు మిగతా యంత్రానికి కరెంటు ఇవ్వక, పంపును మాత్రమే నడిపి, ప్రతి ముడి కింద టిష్యూ కాగితం పరిచి, రాత్రంతా అలా వదిలిపెట్టి ఈ పద్యం చదువుకోవలెను. తెల్లారేసరికి కాగితం పొడిగా ఉంటే దీపాలు వేసుకోవచ్చు. ఎర్రగా తడిసి ఉంటే రంగు ఒక్కందుకైనా పనికొచ్చిందని గ్రహించి, స్పానర్ వెతుక్కోవలెను.