ఆకే కదా!

ఆకు బాబాయి లేని కాలనీ ఉండదు. మా అత్తాపూర్‌లో ఆయన రిటైరైన పంచాయతీరాజ్ ఇంజనీరు. మీ వీధిలో లెక్కల మాస్టారై ఉండొచ్చు, పక్క వీధిలో ఎల్‌ఐసీ ఏజెంటు. వెనకటి ఉద్యోగం ఏదైనా రిటైరయ్యాక అందరిదీ ఒకటే వృత్తి, వైద్యం. పొద్దున్నే పార్కు గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ రసం బండి ముందు నిలబడి, పక్కవాడి మొహంలోకి పరకాయించి చూసి, "రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు కదూ?" అంటాడు. అరవై దాటినవాడు ఆ మాట కాదనగలడా? అదిగో, అక్కణ్ణుంచి మొదలవుతుంది పెన్నేరు గడ్డ.

పెన్నేరు గడ్డంటే అశ్వగంధే. బాబాయింట్లో అది హార్లిక్స్ సీసాలో ఉంటుంది. జటామాంసి బోర్న్‌విటా డబ్బాలో, సరస్వతి ఆకు పొడి బ్రూ సీసాలో, అతిమధురం ఆవకాయ జాడీలో. ఇవన్నీ హాల్లో టీవీ కింద కొలువుదీరి ఉంటాయి, గుమ్మంలోంచే కనబడేట్టు. వచ్చినవాళ్ళు అడగాలి, ఆయన చెప్పాలి.

అసలు మందు మాత్రం ఎవరికీ కనబడదు. అది బీరువాలో పట్టుపంచె మడతల మధ్య ఉంటుంది. ఆందోళన తగ్గడానికి డాక్టరు రాసిచ్చిన ఆల్ప్రజోలామ్. రాసినాయన సైకియాట్రిస్టు. బాబాయి ఆయన్ని "నరాల డాక్టరు" అంటాడు, పిన్ని "గ్యాస్ డాక్టరు" అంటుంది. "ఎర్రగడ్డకి పంపించండిరా" అని మెంటల్ ఆసుపత్రి పేరే తిట్టయిన ఊళ్ళో వాళ్ళు మాత్రం ఏం చేస్తారు పాపం!

దాచుకుందామన్నా గవర్నమెంటు దాచుకోనివ్వదు. ఈ మందు 2014 నుంచీ షెడ్యూల్ హెచ్1 కింద ఉంది. అమ్మినప్పుడల్లా షాపువాడు విడిగా ఓ రిజిస్టర్లో డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలిచ్చిందీ రాసి, దాన్ని మూడేళ్ళు దాచాలి. బాబాయి మెడికల్ షాపుకి మిట్టమధ్యాహ్నం, మనుషులు లేనప్పుడు వెళతాడు.

"సార్, పేరు చెప్పండి."

"చీటీ మీద ఉందిగా, మెల్లిగా రాసుకోవయ్యా. అలా పైకి చదువుతావేం?"

అదే మనిషి సాయంత్రం అపార్ట్‌మెంటు మెట్ల మీద కూర్చుని, తన త్రిఫల మోతాదు వాచ్‌మన్‌తో సహా పదిమందికీ వినబడేలా చెబుతాడు.

దీంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, పొడుల సంగతి డాక్టరుకి తెలీదు, మాత్ర సంగతి పొడులిచ్చేవాడికి తెలీదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని డాక్టరు అడిగాడు. "లేదండీ" అన్నాడు బాబాయి. అబద్ధం కాదు. ఆయన లెక్కలో ఆకు మందు కాదు, ఆకు ఆకే. "ఆకే కదా, ఏం చేస్తుంది?" అన్నది ఆయన మొదటి సూత్రం. "ఈ ఆకు చెయ్యలేనిదంటూ లేదు" అన్నది రెండోది. ఈ రెండూ ఒకే నోట, ఒకే గుక్కలో ఎలా వస్తాయో నాకు అంతుబట్టదు. ఆకూ వేరూ ఊరికే ఉండవనడానికి మన సర్పగంధే సాక్ష్యం. అది రక్తపోటు దించుతుందని 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్లో రాశారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ వాళ్ళు ఆ వేరులోంచి రిజర్పిన్ తీశారు. అది బీపీని దించింది, దాంతోపాటు కొందరిలో దిగులూ పుట్టించింది.

బాబాయి విషయానికొస్తే, ఆల్ప్రజోలామ్ చేసే పని మెదడులో గాబా అనే బ్రేకుని గట్టిగా తొక్కడం. అశ్వగంధా జటామాంసీ కూడా నెమ్మదింపజేసే సరుకే. మూడు కాళ్ళూ ఒకే బ్రేకు మీద పడితే బండి ఎక్కడాగుతుందో చెప్పలేం. బాబాయిది ఎదురు ఫ్లాటు సత్యనారాయణ వ్రతంలో, రెండో కథ మధ్యలో ఆగింది. పురోహితుడి గొంతుని మించిపోయింది గురక. లేచాక తేల్చినదేమిటయ్యా అంటే, "ఇంగ్లీషు మందు వేడి చేసింది." విరుగుడుగా మర్నాటి నుంచి మిరియాల కషాయం.

వాళ్ళబ్బాయి డాలస్‌లో ఉంటాడు. ఏటా ఆవకాయ పట్టుకెళ్ళి, బదులుగా సీసాలు తెస్తాడు. మధ్యప్రదేశ్‌లో నీమచ్, మంద్‌సౌర్ పొలాల్లో పండే అశ్వగంధ అమెరికా వెళ్ళి, క్యాప్సూల్ తొడుక్కుని, సూట్‌కేసులో మళ్ళీ మనింటికి రావడం ఈ కాలపు వింత. ఈసారి దాంతోపాటు సెయింట్ జాన్స్ వోర్ట్ అనే పసుపుపచ్చ పూల మొక్క కూడా దిగింది, మనసు హుషారుగా ఉండడానికని. ఇది కాలేయంలో ఎంజైములని రెచ్చగొట్టి, కొన్ని మందుల్ని త్వరగా బయటికి తోసేస్తుంది. రెండు వారాలు ఇది మింగినవాళ్ళలో ఆల్ప్రజోలామ్ ఒంట్లో నిలిచే సమయం సగానికి పడిపోయిందని 2003లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. దిగులు తగ్గించే ఎసిటలోప్రామ్ లాంటి మాత్రలతో కలిస్తే సెరటోనిన్ మితిమీరి ప్రాణం మీదికి కూడా రావచ్చు. అంటే బాబాయి కడుపులో ఒక మాత్ర జోకొడుతుంటే ఒక సీసా ఆ జోకొట్టేదాన్ని తరిమేస్తోంది. ఇక అతిమధురం సంగతి. అది రోజూ తింటే బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. బాబాయికి బీపీ మాత్ర కూడా ఉంది!

ఆయుర్వేదాన్ని తప్పుపట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. పాలూ చేపలూ కలిపి తినొద్దని, ఏది దేనికి విరుద్ధమో చరకుడు ఏనాడో వివరంగా చెప్పాడు. అసలైన వైద్యుడు నాడి పట్టుకున్నాక మొదట అడిగేదే "ఇంకేం వాడుతున్నావు?" అని. మా బామ్మ కాలంలో చిన్న కషాయానికి కూడా వంకాయ మానేసి, గోంగూర మానేసి, చింతపండు మానేసి పథ్యం ఉండేవారు. బాబాయి కూడా జటామాంసి మొదలెట్టినప్పుడు "వంకాయ తినొచ్చా?" అని గట్టిగానే విచారించాడు. మాత్ర వేసుకోవచ్చా అని మాత్రం అడగలేదు.

ఈ మధ్య సెలవులకి మనవరాలొచ్చింది. ఫార్మ్‌డీ చదువుతోంది. తాతగారి గురక విని అనుమానం వచ్చి, సరంజామా అంతా డైనింగ్ టేబుల్ మీద పరిచింది. ఏది దేనికి పడదో చూడాలంటే ముందు పేర్లు కావాలి కదా, అక్కడే ఆగిపోయింది. బీరువాలో మాత్రల స్ట్రిప్పుని షాపువాడు కత్తెరతో ఎలా కత్తిరించాడో గానీ పేరులో చివరి రెండక్షరాలే మిగిలాయి, గడువు తేదీ అవతలి ముక్కతో పోయింది. హార్లిక్స్ సీసా మీదేమో హార్లిక్స్ అనే ఉంది.

"తాతయ్యా, ఇదేంటి?"

"పొడి."

"ఏం పొడి?"

"మంచి పొడే. శ్రీశైలం అడవుల్లోది."

"ఎవరిచ్చారు?"

"ఫ్లైఓవర్ పిల్లరు నంబరు నూట నలభై మూడు కింద కూచుంటాడమ్మా, పెద్దాయన."

"ఇందులో ఏమేం కలిపాడు?"

"అది చెబితే గుణం పోతుంది."

పిల్ల తల పట్టుకుంది. పేరున్న మందుకి పడనివి వెతకొచ్చు, పిల్లరు నంబరుకి ఎక్కడ వెతుకుతుంది? అలాంటి పేరులేని పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మిన సందర్భాలూ ఉన్నాయంది. ఇది వినగానే పిన్ని హడలిపోయి, బీరువాలో మాత్రలతో సహా అన్నీ చెత్తబుట్టలో వెయ్యబోయింది. డాక్టరు చీటీలో మాత్ర పేరు చూసిన మనవరాలు చెయ్యి పట్టుకు ఆపింది. రోజూ వేసుకునే ఆల్ప్రజోలామ్ ఉన్నపళంగా మానేస్తే ఆందోళన రెట్టింపవుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగానే తగ్గించాలి అంది. "చూశావా! నీ ఇంగ్లీషు మందు వదలనన్నా వదలదు" అన్నాడు బాబాయి, అదేదో పిన్ని తప్పయినట్టు.

చివరికి తెల్లకాగితం మీద అన్నీ రాసింది పిల్ల. పొడుల మోతాదు చెంచాల్లో, పేరులేనిదాన్ని "గోధుమ రంగు పొడి, పిల్లరు 143" అని. కాగితం పట్టించి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికొచ్చి, సీసాలూ పొడులూ అన్నీ ఆపమన్నాడు, మాత్ర మాత్రం చెప్పేదాకా కదపొద్దన్నాడు. ఆ కాగితాన్ని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు.

మర్నాడు పార్కులో బాబాయి కళ్ళు వెలిగిపోతున్నాయి. రసం గ్లాసు పైకెత్తి, చుట్టూ చేరినవాళ్ళతో చెబుతున్నాడు: "అంత పెద్ద డాక్టరు, నా లిస్టంతా ఫోటో తీసుకున్నాడండీ! పాపం, వాళ్ళావిడక్కూడా నిద్ర పట్టట్లేదేమో."